దారి ఖర్చులకి

బాణసవాడిలో మా ఇంటి మీటరు పెట్టె
ఆరేళ్ళుగా మాది కాదు.
రీడింగుకొచ్చే కుర్రాడు గేటు దగ్గరే ఆగి,
చెవి ఇటు పెట్టి విని,
"తలుపు తాళం" అని రాసుకుని వెళ్ళిపోయేవాడు.
నెలనెలా సరాసరి బిల్లు కట్టాం.
ఆ ఎక్కువ డబ్బుని అద్దె కింద రాసుకున్నాను,
ఎవరి అద్దె ఎవరు కడుతున్నారో తేల్చకుండా.

రంగులవాళ్ళు వస్తున్నారని పిళ్ళప్పకి ఫోను చేశాను.
శ్రీనివాసపురం మనిషి. మాట్లాడేది తెలుగే,
కొరికితే మధ్యలో కన్నడం టెంకలా తగులుతుంది.
"ఆ పక్క గోడకి మార్చవయ్యా, చాలు."
"పక్కకొద్దమ్మా. పొద్దున లేచి పాత తావుకే పోతాయి.
జరిపితే జానెడు జరపాల,
లేదంటే ఊరు దాటించాల.
నడుమన పెడితే రెండిళ్ళకీ కాకుండా పోతాయి."

పొద్దు గుంకాక మెయిను ఆపేశాం.
దీపావళి మిఠాయి డబ్బా మీది ఎర్ర కాగితం
టార్చికి చుట్టి నా చేతికిచ్చాడు.
ఎరుపు వాటికి చీకటేనట.
కొబ్బరిపీచు పొగ రెండు ఊదులు. మూడోది వద్దన్నాడు.
పిల్లలున్న పట్టుల్ని కోసి
తలకిందులు కాకుండా చట్రాల్లో నిలబెట్టి
అరటినారతో కట్టాడు.
నాలుగు రోజుల్లో మైనంతో అతికించుకుని
నారని అవే కొరికి బయట పారేస్తాయి, అప్పటిదాకా ఈ ముడి.
తేనెపట్టులు రెండు నా గిన్నెలో వేశాడు,
మూడు వాటికే ఉంచాడు, దారి ఖర్చులకి.
కొత్త ఊళ్ళో మొదటి వారం ఎవరప్పిస్తారు?

రాణి దొరికేసరికి గంట.
పొడుగు ఒళ్ళు, చాలని జాకెట్టులా రెక్కలు.
అగ్గిపెట్టెకి గుండుసూదితో కన్నాలు పొడిచి
అందులో పెట్టి, లోపల ఉంచాడు.
అంతే, గుమ్మంలో నాలుగు ఈగలు తోక పైకెత్తి
రెక్కలతో విసరసాగాయి.
"పిలస్తా ఉండాయి," అన్నాడు, గొంతు తగ్గించి.
గోడ మీంచి, వైర్ల మీంచి, నా గాజుల మీంచి
అన్నీ వెళ్ళాయి.
ఎగరలేదు.
నడిచాయి.

పదిన్నరకి ఆటో. తడిగుడ్డ కట్టిన పెట్టె నా ఒళ్ళో,
అప్పుడే దించిన అన్నం గిన్నెలా చీరలోంచి వేడి.
ప్రతి హంపుకీ లోపలి శ్రుతి
ఒక మెట్టెక్కి, ఆలోచించుకుని, దిగేది.
కె.ఆర్.పురం వంతెన దగ్గర పోలీసు
లాఠీతో తట్టబోతూ "ఏనిదు?" అన్నాడు.
"జేను సామీ."
లాఠీ గాల్లోంచే ఇంటికెళ్ళిపోయింది.

హొసకోటె అవతల మా ఆడబిడ్డ జామతోట.
స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, చీమల కోసం.
గుడ్డ విప్పేముందు గుమ్మానికి అడ్డంగా
ఒక కానుగరెమ్మ గుచ్చాడు.
"దారి మూసేస్తావేం?"
"తగలాలమ్మా. తగిలితేనే ఆగి, వెనక్కి తిరిగి,
యాడికొచ్చినామని చూసుకుంటాయి.
తగలకపోతే నిన్నటి దారేననుకుని పోతాయి."
తెల్లవారుతూనే ఒకటి వచ్చి ఆకుకి కొట్టుకుంది.
పెట్టె వైపు ముఖం తిప్పి
గాల్లో చిన్న సున్నా చుట్టింది,
దాని మీద ఇంకాస్త పెద్దది.

నేను ఇల్లు చేరేసరికి తొమ్మిది.
సిరాజుద్దీన్ పుట్టీ కలిపి నిచ్చెన వేసుకున్నాడు.
ఖాళీ పెట్టె ముందు కొన్ని,
రాత్రి బయటే ఉండిపోయినవి కాబోలు,
పొద్దున్నే పనికీ పోయొచ్చాయి,
కాళ్ళకి పసుపు మూటలు.
గుమ్మం ఉండాల్సిన చోట
జానెడు మేర అటూ ఇటూ తడుముతున్నాయి.
"అయిపోయినట్టేగా మేడమ్?"
లెక్కపెట్టాను. కదులుతుంటే మళ్ళీ లెక్కపెట్టాను.
"ఇంకా పదకొండు."

పిళ్ళప్ప ఫోను ఎత్తలేదు, పడుకుని ఉంటాడు.
సిరాజుద్దీన్ మాట్లాడకుండా
నిచ్చెన భుజానికెత్తుకుని
వంటింటి గోడ వైపు పోయాడు.