నలభై నాలుగు

వంద కిలోల రాయి ఎక్కిస్తే
యాభై ఆరు కిలోల సున్నం దిగుతాది.
బేతంచెర్ల బట్టీల్లో అందరికీ తెలిసిన లెక్కే,
కొత్తగా పుస్తకం చేతికొచ్చిన చిన్న ఓనరుకు తప్ప.

"కాశింపీరా, తక్కిన నలభై నాలుగూ
ఎవరింటికి తోలినావ్?"
కాటా దగ్గర, హమాలీలందరి ముందర.

ఇరవై రెండేండ్లుగా ఆ కాటా ముల్లు నా మాట వింటాది,
నేను దాని మాట వింటాను.
ఆ పొద్దు ఇద్దరమూ నోరెత్తలేదు.

"గాలికి పోతాది సామీ"
బట్టీ పైనుంచి మద్దిలేటి అన్నాడు.
చిన్న ఓనరు నవ్వినాడు:
గాలికి బరువుంటాదా?

సంగటి ముందర కూచోని ఆ మాటే అంటే
రిజ్వానా పుస్తకంలోంచి తలెత్తకనే
"ఉంటాది నాయనా" అనింది.
ఆకు వక్కల డబ్బీలో సున్నం
గ్లాసు నీళ్లలో కలిపి, తేట వంచి,
బొప్పాయి కాడ నా నోట్లో పెట్టి
ఊదమనింది.

ఊదినాను.
నీళ్లు పాలయిపాయె.

"బట్టీలోంచి పోయేదీ ఈ గాలే.
నీ ఊపిరి మళ్లా రాయి అయితాంది, చూడు."

బయట, తుక్కుబండల గుట్ట మీద
పడమటి చుక్క.
శుక్రుడంట. ఆడ నూటికి తొంభై ఆరు పాళ్లు
ఇదే గాలంట.
మన గాలికి తొంభై రెట్లు మీద కూచుంటాదంట,
సీసం కరిగి కారతాదంట.
"మనకూ దగ్గర దగ్గర అంతే ఉండాది నాయనా.
కాకుంటే సముద్రం దాన్ని తాగి
అడుగున పొర మీద పొర పరిచింది.
అదే నువ్వు తూచే నాపరాయి."

సముద్రమా?
మూడు దినాలకొక ట్యాంకరు వచ్చే
ఈ వీధిలోనా?

పక్కింటి ఓబులమ్మ గోడ మీంచి వింటాంది.
వచ్చే ఉగాదికి ఆమెకు శుక్రమహర్దశని
అయ్యవారు చెప్పినాడు.
ఆ చుక్క సంగతి ఆమెకు చెప్పొద్దంటి.

రాత్రంతా నిద్ర లేదు.
బట్టీ దిక్కు ఎర్రగా ఉంది.
ఎన్ని కోట్ల ఏండ్లు మూసిపెట్టిన మూటనో
రోజుకు ఐదునూర్ల కూలికి
విప్పుతా ఉండాము.

తెల్లారి గ్లాసు అడుగున తెల్లటి మడ్డి.
ఆరబెట్టి, చిటికెడంత, బీడీ కాగితంలో చుట్టుకొని పోయినాను.

కాటా మీద పెట్టినాను.

"నలభై నాలుగులో ఇది నా వంతు సామీ,
జమ రాసుకో."

ముల్లు కదల్లేదు.
చిన్న ఓనరు మాత్రం
కాగితం ఎగిరిపోకుండా
వేలు అడ్డం పెట్టినాడు.