మూడో గుండీ

పుస్తకాన్ని కొంగుల చుట్టుకొని వచ్చింది ఈదమ్మ,
సద్దిమూట తెచ్చినట్టు.
దేవరకొండ బస్టాండు ఎనక, నా జిరాక్స్ దుకాణం ముందు
చెప్పులు విడిచి నిలబడ్డది.
దుకాణానికి ఎవరూ చెప్పులు విడువరు.

"నువ్వేనా సారూ, రాసింది?"

నేనే. రిటైరైనంక రాసిన.
నూట ఎనభై నాలుగు పేజీలు, మూడు వందల కాపీలు,
నల్లగొండల అచ్చేయించిన.
ఒక చిన్న ఊరు, తప్పిపోయిన పిలగాడు,
చాయ్ మీద చాయ్ తాగే డిటెక్టివ్ శరభ.
అనుమానం మొదట చిన్నాయన మీదికి పోతది,
తర్వాత సోడాబండి ఆయన మీదికి,
పదిహేనో అధ్యాయంల గాని దొంగ దొరకడు.
బాగుందన్నరు. పోస్ట్‌మాస్టరైతే రెండుసార్లు చదివిండట.

ఈదమ్మకు చదువు రాదు.
చెల్లె మనవరాలు, ఇంటర్ పిల్ల,
రాత్రికి రెండు పేజీల లెక్క వినిపించిందట,
కరెంటు పోయిన దినం సెల్లు లైటు పెట్టుకొని.
"పేరు మార్చినవు. ఊరు మార్చినవు.
అయినా మా పర్వతాలే అని ఎరుకైంది సారూ."

తప్పిపోయిన పిలగాండ్లంతా ఒక్కతీరుగనే ఉంటరమ్మా, అన్న.
ఇది కల్పన, అన్న.
"కల్లనా?" అన్నది.

పుస్తకం తెరిచింది.
ముప్పై ఏడో పేజీల గుర్తుకు సీతాఫలం ఆకు.
చదువురాని వేలు తిన్నగ పోయి ఆ వరుస మీదనే ఆగింది:
నీలి రంగు అంగీ. మూడో గుండీ ఊడిపోయిన కాడ పిన్నీసు.

"అంగీ నీలిదని పోలీసులకు చెప్పిన.
పేపర్ల గూడ వచ్చింది.
పిన్నీసు సంగతి చెప్పలే సారూ.
గుండీ కుట్టలేని తల్లి అంటరని సిగ్గయింది.
ముప్పై ఏండ్లు. మా ఇంటాయనకు గూడ చెప్పలే, సచ్చేదాకా.
నీకెవరు చెప్పిన్రు?"

మిషన్ల కాగితం ఇరికింది.
అది తీసుడు పని పెట్టుకున్న.

కొండమల్లేపల్లి అడ్డ రోడ్డు. తొంభై నాలుగు, శ్రావణం.
అచ్చంపేట పోయే బండి. నేను కండక్టరును.
ధోతి కట్టిన ఒకాయన, ఒళ్లె పిలగాడు.
"మా అల్లుడు. పండుకున్నడు, లేపకు."
పిలగాడు పండుకోలే.
సగం తెరిచిన కండ్లతోని నా టికెట్ల ట్రేను చూస్తున్నడు,
ఆ పచ్చ కట్ట, గులాబి కట్ట.
పిన్నీసు ఎండకు మెరిసింది.
డిండి దాకా ఒక ఫుల్లు, ఒక హాఫు.
ఫుల్లు కొట్టిన.
హాఫుకు మూడు రూపాయలు తీసుకున్న,
టికెట్ కొట్టలే.
డిండిల మిర్చిబజ్జి, ఒక చాయ్.

నాలుగో రోజు డిపో గోడకు ఫొటో అంటించిన్రు.
చెప్తే, మొదట టికెట్ నంబరెంత అంటరు.
నంబరు లేదు.
ఇంట్లె రెండో బిడ్డ పుట్టి పదకొండు రోజులు,
మూడు రూపాయలకు నౌకరి పోతది.
రేపనుకున్న. ఎల్లుండనుకున్న.
వీక్లీ ఆఫ్ నాడు పోదామనుకున్న.

పుస్తకంల శరభ అందరినీ అడిగిండు.
గొర్లకాపరిని, ఆర్ఎంపీ డాక్టరును, గుడ్డి బిచ్చగాన్ని సుత.
ఒక్క కండక్టరును అడుగలే.
నేనే అడుగనియ్యలే.

కాగితం ముక్కలు ముక్కలుగ వచ్చింది.
ఈదమ్మ అట్లనే ఉన్నది.
"డిండిల దిగిన్రు," అన్న,
మిషన్‌కు చెప్పినట్టు.

కొట్టలే. మొత్తుకోలే.
"ఏడ్చిండా?"
లేదమ్మా. టికెట్లు చూస్తుండె.
"ఔ. రంగు కాయితాలంటే పానం వానికి."
పుస్తకం మళ్ల కొంగుల చుట్టింది.
"డిండికి ఇప్పుడు బండి ఎన్నింటికి సారూ?"

నాలుగుంబావుకు. షట్టరు దించి ఎనక నడిచిన.
కండక్టరమ్మ మా రెండో బిడ్డ ఈడుది.
ఈదమ్మ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టింది.
పైసలు తీసుకోకున్నా కొట్టాలెనట ఇప్పుడు,
ఎక్కినోళ్ల లెక్క ఉండాలెనట.