నూటపద్నాలుగో రాయి

తెల్లారుజాము నాలుగింటికి
గుడిపాల దాటి నడుస్తాను.
పసుపురాళ్ళ వెంట నడవడమే నా ఉద్యోగం.
రాళ్ళ కింద గొట్టం, గొట్టంలో గ్యాసు.
దాని మీద ఎవరూ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.
అది చూసేదానికి ఒక టార్చి, ఒక కర్ర,
వానకి తడిసి ఉబ్బిన ఒక రిజిస్టరు.

"కనపడనిదానికి కాపలా ఏందిరా మొగిలప్పా,"
అని మొదట్లో ఊళ్ళో నవ్వినారు.
నేనూ నవ్వినాను. జీతం కనపడతా ఉంది కదా.

దారిలో నీవా ఏరు.
నీవా? అని అడిగినట్టే ఉంటుంది దాని పేరు.
నీళ్ళుండవు, ప్రశ్న మాత్రం ఉంటుంది.
దిగువకి పోయి, పేరు మార్చుకుని,
పొన్నై అయి అరవదేశంలో పారుతుంది, పారితే.
ఆ కాస్త తడి కోసం
రెండు పక్కలా ఎన్ని అర్జీలో.
చెక్‌డ్యాం గోడ మీద రెండు భాషల్లో తిట్లు
ఇప్పటికీ చెరగలేదు.

ఇసక కింద గొట్టం మాత్రం
ఎవర్నీ ఏమీ అడక్కుండా పోతుంది.

నూటపద్నాలుగో రాయి కాడికి
అవతలి నుంచి ఏళుమలై వస్తాడు.
నా రిజిస్టర్లో అతని సంతకం, అతని దాంట్లో నాది.
అతని అక్షరం నాకు రాదు, నాది అతనికి రాదు.
నా సంగటి అతను తింటాడు,
వాళ్ళావిడ వత్తకొళంబు నేను.

మొన్న తోతాపురి దండిగా దిగిన వారం,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి హైవే దాకా ట్రాక్టర్లు.
ఎగువన యాడో ఒక పొక్లెయిన్
మా పక్క గొట్టాన్ని కొరికింది.
వాల్వులు బిగించేసినారు.
ఆ రాత్రి నన్ను మీటరు ముందర నిలబెట్టినారు.
పక్షవాతం వచ్చిన చెయ్యి మాదిరి
ముల్లు దిగిపోతా ఉంది.
బాయిలరు చల్లబడితే గుజ్జు పులుస్తుంది,
బయట కాయ కుళ్ళుతుంది.
కాయల మీద పడుకున్న ధనభాగ్యం లేచి
"ఏమన్నా అయిందా అన్నా?" అనింది.
ఆమె అప్పెంతో నాకు తెలుసు.

రెండింటికి ముల్లు కదిలింది.
ఎవరో దూరంగా కూర్చుని మీట నొక్కినారంట.
ఎప్పుడూ మా నుంచి వాళ్ళకి పోయే గ్యాసు
వాళ్ళ రేవు నుంచి ఎదురు తిరిగి
నూటపద్నాలుగో రాయి కిందుగా మా పక్కకొచ్చింది.
చిమ్నీ మీద గాలి వేడెక్కి
నాలుగు చుక్కలు వణికినాయి.

పొద్దున ఏళుమలై అన్నాడు,
"రాత్రి మా బేకరీలో మంట సన్నబడింది.
బన్నులు పచ్చిగా దిగినాయి."
ఏమనాలో తెలీక
సంగటి ముద్ద పెద్దది పెట్టినాను.
"రేపు మా పక్క తెగితే?" అన్నాడు, నమలతా.
సంతకం చేసినాను.

తిరుగుదారిలో
ఎవరో గొట్టం మీద మునగకొమ్మ నాటున్నారు.
అప్పుడే చిగురేస్తా ఉంది.
పీకి,
పది అడుగులు పక్కన
మళ్ళీ నాటినాను.