పైకి ఒకటి, కిందికి ఒకటి

మా ఊరి నది నల్లగా పారేది.
మాంగనీసు కడిగిన నీళ్ళు.
అందులో మొహం చూసుకుని పెరిగినవాళ్ళం,
జార్జియాలో ఎక్కడికెళ్ళినా
మా గోళ్ళు చూసి ఊరి పేరు చెప్పేవాళ్ళు.

ఊరికీ కొండకీ మధ్య, తీగ మీద
ఒక ఇనప పెట్టె తిరిగేది.
తుప్పు మీద నీలం రంగు, నీలం మీద మళ్ళీ తుప్పు,
ఒక కిటికీకి అద్దం బదులు అట్టముక్క.
తలుపు తీసి, తలుపు వేసి, గంట కొట్టే పని ఎతేరిది.
ఆమెకి పంతొమ్మిది. నాకు పదిహేను,
మీసం విషయంలో పదమూడు.

కొండ మీద మా నూత్సా అత్త ఉండేది.
ఏడాదికోసారి ఈస్టర్‌కి గుర్తొచ్చే అత్త
ఆ అక్టోబరు నుంచి రోజూ గుర్తొచ్చింది.
రెండు రొట్టెలు, కాగితంలో చుట్టి, వేడివేడిగా.
అత్తకి నోట్లో పళ్ళు నాలుగు.
"నా మీద ఇంత ప్రేమేమిట్రా బాద్రీ" అంటూనే
పెరట్లోకెళ్ళి పందికి వేసేది.
ఆ చలికాలం ఊళ్ళో అన్నిటికన్నా బలిసిన పంది
నా ప్రేమ తిని బలిసింది.

ఎక్కగానే ఎతేరి నన్ను చూసి నవ్వేది.
చెవి వెనక నుంచి పెన్సిలు తీసి
ఒళ్ళోని పుస్తకంలో ఏదో రాసేది.
దిగినప్పుడూ రాసేది.
మిగతావాళ్ళకీ రాసేదేమో, నేను గమనించలేదు.
పెన్సిలు మొనని తడిపే
ఆ నాలుక చివరే చూసేవాణ్ణి.

ఒకరోజు సరిగ్గా నది మీద కరెంటు పోయింది.
పెట్టెలో ఇద్దరమే.
గాలికి, ఊడబోయే పన్నులా ఊగుతున్నాం.
రొట్టె తుంపి ఇచ్చాను. తింది.
"రేపు కూడా రా," అంది.
"ఆదివారమూ రా. వీలైతే మీవాళ్ళని కూడా తీసుకురా."
మీవాళ్ళని!
పదిహేనేళ్ళ బుర్రకి ఆ మాట ఎలా వినబడిందో
వేరే చెప్పాలా.
నలభై నిమిషాలు.
కరెంటాఫీసుని అంతగా దీవించినవాడు
మా ఊళ్ళో ఇంకొకడుండడు.

అమ్మని తీసుకెళ్ళాను. చెల్లి మరికోని.
బూట్లు కుట్టే బాబాయిని;
ఆయనకి ఎత్తంటే భయం,
కళ్ళు మూసుకుని దారంతా శిలువ గీసుకుంటూ వచ్చాడు.
ఒక్కో తలకీ ఒక నవ్వు.

మార్చిలో ఒక సాయంత్రం తలుపు ఇరుక్కుంది.
ఆమె దిగి గొళ్ళెం మీద సుత్తితో కొడుతోంది.
పుస్తకం సీటు మీద తెరిచి ఉంది.
చదివాను.

తేదీలు. ఐదేసి చొప్పున కట్టలు కట్టిన గీతలు.
అట్ట లోపల అంటించిన మునిసిపాలిటీ కాగితం:
రోజుకి అరవై మంది ఎక్కకపోతే లైను మూసేస్తారు.
కొన్ని రోజులు యాభై ఎనిమిది దగ్గర ఆగి,
ఆ తర్వాత రెండు గీతలు, గట్టిగా ఒత్తి.
పక్కన చిన్న అక్షరాల్లో:
రొట్టెల కుర్రాడు. పైకి ఒకటి, కిందికి ఒకటి.

పేరు కూడా కాదు.

ఆమె నన్ను లెక్కచేస్తోందనుకున్నాను.
నిజమే. లెక్కే చేసింది.

తలుపు ఊడొచ్చింది. ఆమె నవ్వింది.
నేనూ నవ్వబోయాను, మొహం మాట వినలేదు.
ఆ రోజు మెట్లదారిన దిగాను.
ఆరువందల పన్నెండు మెట్లు, కసికొద్దీ లెక్కపెట్టాను.
మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ.
పందికి ఆకలేసి ఉంటుంది.

ఏప్రిల్లో లైను మూసేశారు.
నా రెండు గీతల వల్ల కాదని ఇప్పుడు తెలుసు.
అప్పుడు మాత్రం నా వల్లేననుకుని
ఒక వారం సంతోషించాను.
ఆ ఒక్క వారానికి
ఇన్నేళ్ళుగా సిగ్గుపడుతూనే ఉన్నాను.

వాళ్ళ నాన్న ఊపిరితిత్తుల నిండా గని దుమ్మేనని,
ఇంట్లోకొచ్చే జీతం ఆమెదొక్కటేనని
మంచం, కుట్టుమిషను లారీ ఎక్కిస్తున్నరోజు
ఎవరో అంటుంటే విన్నాను.
సాయం పట్టలేదు. సందు చివర నిలబడ్డాను.

ఎతేరి చూసింది.
చెయ్యి ఊపబోతోందనుకున్నాను.
ఆ చెయ్యి అలవాటుగా చెవి వెనక్కి వెళ్ళింది.
అక్కడ పెన్సిలు లేదు.