బొద్దు వాలు

తూరిన్‌లో, సీసం వాసన వదలని ఆ ఫౌండ్రీలో
మూడో అంతస్తు, ఉత్తరం కిటికీ.
ఎర్సీలియా క్రావెరో బల్ల అక్కడ.

నిటారు అక్షరాలు గీసిన పెద్దమనిషి పేరు
కాటలాగు అట్ట మీదే ఉంది.
సన్నగా వాల్చినవాడు ఆయన శిష్యుడు.
లావు చేసినవాడు అల్లుడు.
మిగిలింది నాలుగోది, కడగొట్టుది,
"బొద్దుగా ఉండాలి, వాలుగా ఉండాలి, శుక్రవారానికి ఉండాలి"
అని ఈమె ముందు పడేసి వెళ్లారు.

అప్పుడు నాకు పదహారు. పెన్సిళ్లు చెక్కడం నా పని.
లావుదాన్నే కాస్త పక్కకి తోస్తే పోదా, అన్నాను.
ఆమె లేచి నా భుజం పట్టుకు తోసింది.
తూలి, బల్ల అంచు పట్టుకున్నాను.
"తూలడం వేరు, నడవడం వేరు. చెక్కు."

మధ్యాహ్నం రొట్టె తింటూ కిటికీలోంచి చూపించింది:
స్టేషన్ వైపు ట్రంకుపెట్టె మోస్తూ ఒక కూలీ.
బరువు మోసేవాడు నిటారుగా నడవడు.
మెడ ముందుకు, మోకాలు మెత్తగా,
నేల వదిలే ముందు మడమ చిన్నగా చిమ్ముతుంది.
ఆ చిమ్మడమే సెరిఫ్ అంది, నోట్లో ముద్దతో.

గీత లావెక్కేకొద్దీ 'ఇ' కన్ను పూడుకుపోతుంది.
బ్లేడుతో గీకి, ఊది, మళ్లీ గీకి
నువ్వుగింజంత వెలుతురు మిగిల్చేది.
'ఎఫ్' తోకతో ఇంకో గొడవ.
పక్కదాని గడప తొక్కుతుంది, సీసంలో పోస్తే విరుగుతుంది.
పోతగది ఫావుస్తో మెట్లెక్కి వచ్చి
విరిగిన తోకలు ఆమె దోసిట్లో పోసి
ఏమీ అనకుండా దిగిపోయేవాడు.
పదకొండోసారి రాలేదు.
ఆమె సాయంత్రం దాకా చూసి, చేతులు కడుక్కుంది.

తర్వాత ఎక్కడపడితే అక్కడ ఎదురయ్యేది.
దగ్గుమందు సీసా మీద: *బాగా కలిపి తాగవలెను.*
సర్కస్ పోస్టరు అడుగున: *ఈ రాత్రే ఆఖరు.*
బిస్కట్ డబ్బా, లాటరీ చీటీ,
ఒకసారి మా మేనత్త చావు కార్డు మీద కూడా.
రెండు మాటలు, మహా అయితే మూడు.
పేజీ నిండా వాడినవాణ్ణి చూస్తే ఆమెకి ఒళ్లు మంట:
"ఇంట్లో అందరూ కేకలేస్తే, ఇల్లు తగలబడేనాడు ఏం చేస్తారు?"

ఫౌండ్రీ మూశారు. మాత్రికలు తూకానికి పోయాయి.
పేరు వేయమని అడగలేదా అంటే
ఆమె రొట్టె తుంపులు దులుపుకుంది.

ఇద్దరం సవోనా వెళ్తున్నాం, చాలా ఏళ్ల తర్వాత.
రైలు కిటికీ కింద రేకు మీద
*బయటికి వంగుట ప్రమాదకరం.*
ఆ మాట చెబుతున్నవన్నీ
వరసగా బయటికి వంగి ఉన్నాయి.
కళ్లద్దాలు పెట్టుకుని 'ఇ' కన్ను చూసింది. తెరిచే ఉంది.
కిటికీ దించింది.
తల, భుజాలు, సగం ఒళ్లు
సముద్రం గాలిలోకి వంచింది.
నేను కోటు అంచు పట్టుకుని కూర్చున్నాను,
ఎన్ని డిగ్రీలో కొలవలేదు.