ఎనిమిది పోగులు

కొత్తవాడల మా గల్లీకి
వైరు గుంజినోడు ముందటి పోర్షన్ల డబ్బా బిగించి
ఎనుక పోర్షన్ దాక అందదని చెప్పి పోయిండు.
నడుమ రెండు గోడలు, ఒక మగ్గాల షెడ్డు,
షెడ్డు మీద రేకులు.
సిగ్నల్ ఆ రేకుల దాక వచ్చి
వానకు జడిసిన కుక్క లెక్క ఆడ్నే ముడుసుకుంటది.

నెలకు ఆరొందలు. నాలుగు పోర్షన్లు.
తలా నూట యాభై అని లెక్క చెప్పినందుకు,
జిరాక్స్ షాపుల పని చేస్తడు గదా, ఈయనకే తెలుస్తదని
పని నా మీదనే పడ్డది.

ముప్పై మీటర్ల కేబుల్ కొన్న.
ఓనర్ పారేయబోతున్న పాత రౌటర్ ఒకటి అడిగి తెచ్చిన.
క్లిప్పులు అద్దే పట్టకారు బదులుకు తెచ్చిన,
తెల్లారితే ఇచ్చెయ్యాలె.

కేబుల్ తోలు తీస్తే
లోపట ఎనిమిది పోగులు, జంటలు జంటలుగ మెలేసుకొని.
నారింజ, పచ్చ, నీలం, మట్టిరంగు,
ప్రతి రంగుకు తెల్లచారల తోడు ఒకటి.
మెలికలు విప్పి, సాపు చేసి, వరుస పెట్టి అద్దిన.
లైటు రాలే.
కోసి పారేసి మల్లా అద్దిన.
రాలే.
మూడోసారి కరెంటే పోయింది.

షెడ్డుల నుంచి ఓదెలమ్మ వచ్చింది,
చేతిల పంజా అట్లనే ఉన్నది.
నలభై ఏండ్లు జంపఖానాలు నేసిన మనిషి,
ఒక కంటికి పొర వచ్చింది.
"ఏ పోగెంట ఏ పోగు?" అన్నది.
ఫోన్‌ల బొమ్మ చూపెట్టిన.
ఒక్కసారే చూసింది.
"ఈ కొస మంచిగనే ఉన్నది బిడ్డా.
ఆ కొసకు పచ్చను దాని తోడు పక్కకే కూసోబెట్టినవ్.
పచ్చ జంట ఎడం జరిగి
నడుమ నీలం జంటకు జాగ ఇయ్యాలె.
పడుగుల ఒక్క పోగు తప్పితే
గజం నేసినంక గాని బయటపడదు."

కరెంటొచ్చింది. లైటొచ్చింది.
నెట్టు మాత్రం రాలే.

రెండు డబ్బాలదీ ఒక్కటే నంబరు:
నూట తొంభైరెండు చుక్క, నూట అరవై ఎనిమిది చుక్క,
ఒకటి చుక్క, ఒకటి.
ఒక్క ఒరల రెండు కత్తులు.
రాత్రి పదకొండు దాటినంక
పాతదాని నంబరు చివర రెండు చేసిన.
వచ్చినోళ్లకు నంబర్లు పంచే పెత్తనం తీసేసి,
నువ్వు ఊకె తొవ్వ చూపెట్టు చాలు అన్న.
ఇగ ఒప్పుకున్నది.

పేరేం పెడదామంటే గంట కొట్లాట.
నుస్రత్ ఆపా పిల్లలు ఒకటన్నరు,
తాడ్వాయి నుంచొచ్చి నర్సింగు చదివే పూనెం లలిత ఇంకోటన్నది.
ఆఖరికి పేరు "రేకుల షెడ్డు".
పాస్‌వర్డు ఓదెలమ్మ మగ్గం మీది పోగుల లెక్క.
అది చెప్ప.

నెల తిరిగినంక లిస్టు తీసి చూస్తే
మనయి తొమ్మిది ఫోన్లు, పదోది ఎవలదో.
ఓదెలమ్మనే ఒప్పుకున్నది:
"పక్క గల్లీ పోరడు అడిగిండు, చెప్పిన.
దూపైతుందంటే నీళ్లు పొయ్యమా?"
సదువుకుంటుండా అని అడిగిన.
"ఏం సదువు! కబడ్డీ చూస్తుండు."
బ్లాక్ అనే మీట మీద ఏలు పెట్టిన,
తీసిన.
స్పీడు సగం చేసి ఊకున్న.

మొన్న కోతులు రేకుల మీద ఎగిరి
కేబుల్ నడిమిట్ల కొరికి తెంపినయ్.
షాపు నుంచి నేనొచ్చే సరికే
లలిత ఫోన్ల పాఠం నడుస్తున్నది,
ఆగుకుంట, ఆగుకుంట.
పైకెక్కి చూసిన.
రంగుకు రంగు, చారకు చార
ఎనిమిది పోగులకు ఎనిమిది ముడులు,
పైన ఎర్ర జంపఖాన పేలిక సుట్టి ఉన్నది.

కొత్త కేబుల్ కొనాలె.
ఈ నెల పైసలు ఇంకా ముగ్గురే ఇచ్చిండ్రు.