కడితం

విజాపురం నేను చూడలేదు.
మా నాయనా చూడలేదు.
ఆదోని కొండమీద జెండా ఎగిరితే
పాదుషా ఉన్నాడనుకునేవాళ్లం.
ఏ ఫర్మానా అయినా
కృష్ణ దాటి, తుంగభద్ర దాటి,
సంచిలో నలిగి, చెమటకు తడిసి
మా బూదిహాళు చేరేసరికి
జొన్నకంకి పాలు పోసుకునేది.

చింతగింజల అంబలిలో బొగ్గు కలిపి
గుడ్డకు పూయడం
నాకు అక్షరాలకంటే ముందొచ్చింది.
మడతల కడితం మా నల్లరేగడి లాంటిదే,
బలపంతో దున్నితే తెల్లగా మొలుస్తుంది.
దొండాకు రసంతో తుడిస్తే
మళ్లీ బీడు.

ఆ యేడు వాన రెండు కార్తెలు తప్పింది.
దూదేకుల ఇమాంబీ
విల్లు పన్ను తెచ్చింది.
కొంగుముడి విప్పి
ఒక్కో రూకా నా చాపమీద పెట్టి
ప్రతిదాన్నీ ఇంకోసారి తాకింది.
"రాసుకో సామీ."
రాశాను. జమ, మూడు రూకలు.
పైన పాదుషా పేరు, కింద నా దస్కతు.
రూకలు కొండెక్కిపోయాయి.

ధాన్యం పెరికెల వెంట వచ్చిన లంబాడీలు
రెండు నెలలకు చెప్పారు,
విజాపురం కోట పడిపోయిందట.
ఇమాంబీ కొంగు విప్పిన పూటకే
ఆ పేరుగలాయన ఎక్కడా ఏలడం లేదు.

కొత్త ఆమీను గుర్రం దిగలేదు.
"పాత వసూళ్లు చెల్లవు. బాకీలు చదువు."
చదివాను.
సెట్ల నీలిమందు, గొల్లల పుల్లరి,
మాన్యాలు, ఇనాములు.
ఇమాంబీ మడత దగ్గర "ముట్టింది" అన్నాను.
ముందు రాత్రే దీపం కింద
దొండాకు నలిపి పై పేరు తుడిచాను.
తడి ఆరకముందే కొత్త పేరు రాస్తే
ఒక అక్షరం వంకరపోయింది.

మూడు రూకలు ఎక్కడివని
ఆమీను అడగలేదు.
మా ఇంటిది చెన్నమాంబ అడిగింది.

అందరివీ దిద్దలేదు.
దిద్దడానికి నా దగ్గర అన్ని రూకలు లేవు.
గొల్ల మారెప్ప పేరు
గొంతు సవరించుకోకుండానే చదివేశాను.
ఆ సాయంత్రం అతని గొర్రెల ధూళి
ఆదోని దారిలో చాలాసేపు లేచే ఉంది.

వారానికి ఇమాంబీ గడపలో
దూది ఎగురుతుంటే ఆగాను.
"ఇప్పుడెవరు సామీ పాదుషా?"
పేరు చెప్పాను. ఆమెకు నోరు తిరగలేదు.
"ఆయనకంటే దూరమా?"

వేళ్లు మడిచాను.
తుంగభద్ర. కృష్ణ. భీమ.
ఆపైన ఏర్ల పేర్లు
నాకు రావు.